ఊగని స్టాండు, వణికిన లెన్సు

ఆ రోజుల్లో ఫోటో బాగా రావాలంటే ఎవరూ ఊగకూడదు. తీసేవాళ్ళూ ఊగకూడదు, తీయించుకునేవాళ్ళూ ఊగకూడదు. ఇప్పుడు మా చెల్లెలు నడుస్తున్న టోటోలో, అంటే బ్యాటరీ ఆటోలో, కూర్చుని, ఒక చేత్తో ఝాల్‌ముడి మరమరాల పొట్లం పట్టుకుని, రెండో చేత్తో ఫోను పైకెత్తి, మా ఊరి మలంచా రోడ్డు మీద పోయే మనుషుల్ని ముక్కుపుడకతో సహా స్పష్టంగా తీసేస్తుంటే నాకు ముచ్చటగానూ ఉంటుంది, కాస్త కడుపుమంటగానూ ఉంటుంది. (ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకోకండి. డిజిటల్ కెమెరాలు వచ్చేసిన తరవాతే. కాకపోతే అప్పటి ఫోనుతో సాయంత్రం పూట ఫోటో తీస్తే, అందులో ఉన్నది మా అమ్మో మా ఇంటి బీరువానో తేల్చి చెప్పడం కష్టంగా ఉండేది.) ఊపిరి బిగబట్టడం, మోచేతులు డొక్కలకు అదుముకోవడం, గోడకో స్తంభానికో ఆనుకోవడం, ఇవన్నీ మాకు విద్యలు. ఆ విద్యల్లో నన్ను మించినవాళ్ళు మా ఖరగ్‌పూర్‌లో లేరని నేను గట్టిగా నమ్మిన వయసు అది. డిగ్రీ అవగానే మలంచాలో ఒక ఫోటో స్టూడియోలో ఉద్యోగం దొరికింది. మా రైల్వే క్వార్టర్ల వరసలో మెడలో కెమెరా వేసుకుని సైకిలు మీద పనికి వెళ్ళే ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకూడదని, వాన పడితే తప్ప కెమెరాని సంచిలో పెట్టేదాన్ని కాదు.

స్టూడియో యజమాని బెంగాలీ ఆయన. ఊరంతా ఆయన్ని దాదా అనే పిలిచేది, నేనూ అంతే. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసి తీసి ఆయనకి తెలుగు వచ్చేసింది, కాకపోతే మూడు భాషల ఖిచిడీగా వచ్చింది. ఒకరోజు ఆయన కొత్త లెన్సు ఒకటి పెట్టెలోంచి తీసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "దేఖో, దీని లోపల మోటార్ ఉంది. నీ హాత్ ఊగినా ఫోటో ఊగదు. ఏక్‌దమ్ జాదూ!" అన్నాడు. నిజంగా జాదూయే. లెన్సు అంటే ఒక్క గాజు ముక్క కాదు కదా, గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పేర్చిన బోలెడు గాజు బిళ్ళలు. వాటిలో ఒక బిళ్ళని మాత్రం బిగించకుండా అటూ ఇటూ జరిగేలా వదిలిపెడతారు. చెయ్యి ఎటు వణికిందో లోపలి యంత్రం పసిగట్టి, ఆ బిళ్ళని తగినంత జరిపి, బొమ్మని ఉన్నచోటే నిలబెడుతుంది. లెన్సు పక్కన చిన్న మీట ఉంటుంది, పైకి నెడితే ఆన్, కిందికి నెడితే ఆఫ్. ఆ మీటని కిందికి నెట్టడమంటే నా దృష్టిలో పరిగెత్తే రైలుకి బ్రేకులు ఊడదీయడమే. దాదా నన్ను నమ్మి ఆ లెన్సు ఇంటికి తీసుకెళ్ళనిచ్చిన రోజు నేను సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాను.

ఇంటికి రాగానే ఈ వింత నాన్నకి చెప్పాను. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో టర్నరు. లేత్ మిషను మీద ఇనుము తిప్పుతూ, దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం ఆయన పని. ఊగే వస్తువంటే ఆయనకి ఒళ్ళుమంట. మా ఇంట్లో ఊగే కుర్చీ, ఊగే బల్ల, చివరికి ఊగే పన్ను కూడా ఆదివారం దాటి బతికేవి కావు. నేను చెప్పిందంతా విని, మీసం సవరించుకుని, "ఊగిన సెయ్యిని ఆపకుండా గాజుని ఊపడమేటే బుల్లీ?" అన్నాడు. "అదే కదా నాన్నా దాని గొప్ప! సెయ్యి అటు పోతే గాజు ఇటు పోతాది" అన్నాను. "మా మిషను ఊగితే కింద బోల్టులు బిగిస్తాం. అంతేగాని మిషనుతో పాటు మేమూ ఊగం" అన్నాడు. "ఇది ఇనుము కాదు నాన్నా, ఎలుతురు. ఎలుతురికి బోల్టులు ఎక్కడ బిగిస్తావు?" అని నేను చాలా గొప్పగా అడిగాను. అమ్మ వంటింట్లోంచి, "ఇద్దరూ ఊగకుండా కూకోండి, సారు ఒలికిపోతాది" అంది.

అసలు ఈ లెన్సు మీద నాకంత మోజు కలగడానికి కారణం మా ఇంటి గోడ. మా ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్ళ కోసం తెరుచుకునే రోజు. ఏడాది పొడుగునా లోపల ఏం జరుగుతుందో తెలియని భార్యాపిల్లలు ఆ ఒక్కరోజు లోపలికి వెళ్ళి, తమ మనిషి ఏ మిషను ముందు నిలబడి బతుకు వెళ్ళదీస్తాడో చూసి వస్తారు. మిషన్లకి బొట్లు, బంతిపూల దండలు, అరటి పిలకలు, ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ, బయట ఆకాశం నిండా గాలిపటాలు, అందరికీ ఖిచిడీ. ఆ రోజు మిషను ఆడించకూడదు, పనిముట్టు పట్టుకోకూడదు, వాటికీ విశ్రాంతి. చివర్లో ఒక్కో షాపులో (అంటే కొట్టు కాదు, మిషన్ల షెడ్డు) అందరూ కలిసి గ్రూప్ ఫోటో దిగుతారు. అలాంటి ఫోటోలు మా గోడ నిండా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నాన్న లేడు. అంటే ఉన్నాడు, కనబడడు. పొడుగు మనిషి కాబట్టి ఏటా మూడో వరసలో నిలబెడతారు. షెడ్డులో వెలుతురు తక్కువ, ఫోటో తీసేవాడు ఫ్లాష్ కొడతాడు, ఆ ఫ్లాష్ ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి సున్నం కొట్టినంత తెలుపు పూసి, రెండో వరస దగ్గరే అలిసిపోతుంది. మూడో వరస మొత్తం చీకటి. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఒక నల్లటి మచ్చ మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇది నేనే" అనేవాడు. "ఆ పక్కదండీ, అది మిషను" అని అమ్మ సరిదిద్దేది.

ఆ ఏడాది చలికాలంలో నాన్న రిటైరవుతున్నాడు. అంటే రాబోయేదే ఆయన ఉద్యోగంలో ఉండగా ఆఖరి విశ్వకర్మ పూజ. అన్నేళ్ళు తన మనుషులతో, తన మిషనుతో నిలబడ్డ మనిషికి, మొహం కనబడే ఫోటో ఒక్కటి లేకుండానే ఆ గేటు దాటి వచ్చేస్తాడా అని నాకు ఉక్రోషం వచ్చేసింది. "ఈసారి గ్రూప్ ఫోటో నేను తీస్తాను నాన్నా. ఫ్లాష్ నేకుండా. మూడో వరసలో నీ మీసం ఎంట్రుకలు లెక్కెట్టుకోవచ్చు" అన్నాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండా, "సూద్దాంలే" అన్నాడు. మర్నాడు సాయంత్రానికి షాపులో ప్రతి మనిషికీ తెలిసిపోయింది, 'మా బుల్లి తీస్తాది' అని. ఫోర్‌మన్‌ గారు కూడా సరే అనేశారట. మాట ఇచ్చేసిన తరవాత గాని నాకు భయం వేయలేదు.

ముందుగా తాల్‌బగీచాలో ఉండే మా అత్త ఇంట్లో ప్రయోగం చేశాను. అత్తంటే నాన్నకి అక్క. మనిషి నిండుగా ఉంటుంది, మాట ఇంకా నిండుగా ఉంటుంది. గది చిన్నది, జనం ఎక్కువ. అందరూ పట్టాలని లెన్సుని బాగా వెడల్పుకి తిప్పి తీశాను. వెడల్పుగా చూసేటప్పుడు లెన్సు మధ్యలో ఉన్నవాళ్ళని మర్యాదగా చూస్తుంది గాని, అంచుల్లో నిలబడ్డవాళ్ళని పక్కకి లాగేస్తుంది. నా కర్మకాలి అంచున నిలబడింది అత్త. ప్రింటు చేతికివ్వగానే ఆవిడ కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుంది, మా కుటుంబంలో అది మంచి సూచన కాదు. "ఏటే, నన్ను నూనె డ్రమ్ము సేసీసినావు! మీ అమ్మ మాత్రం మద్దెన సన్నగా ఉన్నాది. మీ అమ్మ నీకు ఏటిచ్చినాది?" అని మొదలుపెట్టింది. నేను లెన్సు సంగతి చెప్పబోతే, "తప్పు గాజు మీద పెట్టకు. గాజుకి నా మీద పగేటి?" అంది. నాన్న ఈ గొడవ ఏదీ వినకుండా, జేబులోంచి స్టీలు స్కేలు తీసి ఫోటోలో గుమ్మం మీద ఆనించి, "ద్వారబంధం వంగిపోనాది" అని తేల్చాడు. లేచి వెళ్ళి నిజం గుమ్మానికి కూడా స్కేలు పెట్టి చూశాడు. అది తిన్నగానే ఉంది. "ఇల్లు కట్టినోడు మంచోడే. నీ గాజుదే తప్పు" అన్నాడు.

తప్పు గాజుది కాదు, దాని మీద మోపిన పనిది. దగ్గరా చూడాలి, దూరమూ చూడాలి, వెడల్పూ చూడాలి అంటే ఒకే మనిషి చేత డ్రైవరు పనీ గార్డు పనీ చేయించినట్టే. ఎక్కడో ఒకచోట రాజీ పడుతుంది. ఆ రాజీ ఎక్కడుందో కనిపెట్టడానికి నేను మా క్వార్టరు ఇటుక గోడని ఎన్ని ఫోటోలు తీశానో! లెన్సుని మధ్యస్థంగా తిప్పితే ఇటుక వరసలు తిన్నగా వస్తున్నాయి. వెలుతురు వచ్చే లోపలి రంధ్రాన్ని బాగా తెరిచి తీస్తే అంచుల్లో ఇటుకలు నానిన బిస్కట్లలా ఉన్నాయి, కాస్త మూసి తీస్తే మూల ఇటుక కూడా గరుగ్గా కనబడుతోంది. కాబట్టి వెనక్కి జరగాలి, మధ్యస్థంగా తిప్పాలి, రంధ్రం మూయాలి. కాని రంధ్రం మూస్తే వెలుతురు తగ్గుతుంది, ఆ చీకటి షెడ్డులో షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు ఏ చెయ్యీ నిలవదు, మోటారు ఉన్న లెన్సయినా ఆదుకోలేదు. స్టాండు కావాలి. నా దగ్గరున్న అల్యూమినియం స్టాండు పక్క వీధిలో లారీ వెళ్ళినా వణికేది. దాన్ని నాన్న ఒక్క వేలితో తాకి చూసి, "ఇది స్టాండు కాదే, కొంగ" అని, మర్నాడే పనిలోకి దిగిపోయాడు.

ఆదివారాలన్నీ ఆయన తన స్నేహితుడి వెల్డింగు కొట్లో గడిపాడు. (ఇనుము వర్క్‌షాపుది కాదు, గోల్‌బజార్‌లో సొంతంగా కొన్నదే. నాన్న ఇప్పటికీ పింఛను తీసుకుంటున్నాడు కాబట్టి ఈ మాట రాయక తప్పదు.) కెమెరా అడుగున బిగించే బోల్టు కోసం నా కెమెరా తిరగేసి మర చూసి, "ఓరి! ఇది ఇంచి మర! మా పాత మిషన్ల మర!" అని మొదటిసారి దాన్ని గౌరవంగా చూశాడు. చివరికి తయారైన వస్తువు మూడు కాళ్ళ ఇనప బల్లకీ, పునాదికీ మధ్యరకంగా ఉంది. ప్రతి కాలి కిందా మట్టం సరిచేసే బోల్టు, మిషన్లకి వేసినట్టే. దాన్ని కదపాలంటే ఇద్దరు కావాలి. దాదా చూసి, "అరే బాబా, దీని మీద కెమెరా పెడతావా, ఇంజన్ పెడతావా?" అన్నాడు. నాన్నకి ఆ మాట పొగడ్తగా వినబడింది. నాకూ అలాగే వినబడింది, కాని పైకి చెప్పలేదు. ఊగని స్టాండు, దాని మీద ఊగినా ఊగనివ్వని లెన్సు. బెల్టు పెట్టుకుని, దాని మీద మొలతాడు కూడా బిగించుకున్నంత ధీమాగా ఉన్నాను.

పూజ రోజు సన్నగా తుంపర. స్టాండుని టోటోలో వేసుకుని గేటు దగ్గర దింపితే, దాన్ని మోసుకెళ్తున్నంతసేపూ నాన్న, "మా బుల్లి కెమెరాకి" అని అడక్కుండానే అందరికీ చెప్పుకుంటూ నడిచాడు. లోపల ఎంత నిశ్శబ్దమో! రోజూ మన మాట మనకే వినబడని షెడ్డులో ఆ రోజు పిచ్చుకల అరుపు వినబడుతోంది. నాన్న మిషను మెడలో బంతిపూల దండ. చెప్పులు బయట వదిలేశాం, తడి నేల మీద ఎక్కడ ఇనప రజను గుచ్చుకుంటుందోనని అమ్మ పిట్టలా అడుగులు వేసింది. పూజకి పెద్దమనిషి సైరన్ తాత. ఎప్పుడో రిటైరైపోయినా పూజ పెద్దరికం వదలని మనిషి. గొంతు అంత గట్టిది కాబట్టి ఆ పేరు. జనాన్ని కదలకుండా నిలబెట్టే బాధ్యత నేను ఆయనకి అప్పగించి, నా పక్కనే నిలబెట్టుకున్నాను.

ఇక కూర్చోబెట్టడం మొదలైంది. ఫోర్‌మన్‌ గారు మధ్యలో కూర్చుంటారు, అది ఆనవాయితీ. కాని అత్త దెబ్బ తిన్నదాన్ని కాబట్టి, నిండు మనుషులంతా మధ్యలోకి రావాలని, సన్నటివాళ్ళు అంచులకి వెళ్ళాలని నేను చెప్పాను. నిండు మనుషులెవరో నన్ను తేల్చమన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. సూపర్‌వైజరు ఒకాయన, "నేను సన్నమే, సొక్కా వదులు" అని అంచు వదలనన్నాడు. ఆయన భార్యే చెయ్యి పట్టి మధ్యలోకి లాగింది. నాన్న ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మూడో వరసలో, తన మిషను పక్కన నిలబడ్డాడు. తాత, "ఆగండోయ్! ఊపిరి కూడా ఆపండి!" అని అరిచాడు. షెడ్డు రాయి అయిపోయింది. నేను నొక్కాను. షట్టరు నింపాదిగా తెరుచుకుని, నింపాదిగా మూసుకుంది. తెర మీద పెద్దది చేసి చూశాను. ఒక్కొక్కరూ ఇద్దరిద్దరుగా ఉన్నారు.

"ఎవరో కదిలినారు" అన్నాను. ఎవరికి వారు పక్కవాడిని చూశారు. "మళ్ళీ!" అన్నాను. మళ్ళీ అదే వరస. మూడోసారి తెర మీద జరుపుతూ పోతుంటే మిషను మీద దండ కనబడింది, ప్రతి పువ్వుకీ ఒక నీడ పువ్వు. మిషను కూడా రెండు. మనుషులు కదిలారంటే నమ్మొచ్చు, లేత్ మిషను కదిలిందంటే ఎలా? తల ఎత్తకుండానే నాకు తెలుస్తోంది, అందరూ ఇప్పుడు స్టాండు వైపు చూస్తున్నారని. రెండో వరసలోంచి ఎవరో మెల్లిగా, "స్టాండే ఊగుతున్నాదేమో" అన్నారు. ఎవరో నవ్వారు. నాన్న మొహం మాడిపోయింది. ఆయన వరసలోంచి బయటికి వచ్చి, స్టాండుని రెండు చేతులా పట్టి ఊపి చూశాడు. అది కదల్లేదు, ఆయనే కదిలాడు. ప్రసాదం పెట్టే చోట నుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి కెమెరా పక్కన పెట్టి వంగి చూశాడు. నీళ్ళ మీద ముడత కూడా లేదు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఖిచిడీ చల్లారిపోతోంది, ఫోర్‌మన్‌ గారు వాచీ చూసుకుంటున్నారు, కాసేపట్లో ఇంటివాళ్ళని బయటికి పంపేస్తారు. మూడో వరస మనిషి మళ్ళీ మచ్చగానే మిగిలిపోతాడు, అదీ ఈసారి కూతురి చేతిలో, తను చేసిన స్టాండు మీద.

నాన్న ఆఖరికి టర్నర్లు చేసే పనే చేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని స్టాండు కాలికి చెవి ఆనించాడు. "బుల్లీ, ఒకసారి నొక్కు" అన్నాడు. నేను సగం నొక్కి పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "మోటారు ఆడుతున్నాది" అన్నాడు. నిజమే, ఆ నిశ్శబ్దంలో నేనూ తల దించి విన్నాను, లెన్సులోంచి సన్నగా 'గుర్ర్'మని. "అది మన మంచికే నాన్నా, బొమ్మ ఊగకుండా సూస్తాది" అన్నాను. ఆ ముక్క సైరన్ తాత చెవిన పడింది.

"ఏటీ? మోటారా? ఇయేళా?" అన్నాడు. షెడ్డు కప్పు మీది పిచ్చుకలు లేచిపోయాయి.

"మిషను కాదు తాతా, లెన్సు."

"మోటారు ఉన్నాదా నేదా?"

"ఉన్నాది."

"తిరుగుతున్నాదా నేదా?"

"తిరుగుతున్నాది గాని..."

"అయితే అది మిషనే. ఇంత పెద్ద పెద్ద మిషన్లు కళ్ళు మూసుకుని కూకున్నాయి, నీ బుల్లి మిషనుకి మాత్రం డ్యూటీ ఏటి? ఆ దేముడి ఎదురుగా? ఆపు ముందు!"

నేను మొత్తుకున్నాను. ఇది ఆపితే ఉన్న స్పష్టత కూడా పోతుందన్నాను, సైన్సు అన్నాను, దాదా మాట అన్నాను. మూడు వరసలూ తాత పక్షమే. నియమం అంటే నియమం. ఫోర్‌మన్‌ గారు కూడా, "ఆపేయమ్మా, ఒక్కసారికేగా" అన్నారు. సరే, మీ ఫోటో మీ ఇష్టం అని కోపంగా మీట కిందికి నెట్టేశాను. రైలు బ్రేకులు ఊడదీసేశాను, ఇక ఎక్కడికైనా పోనీ అనుకున్నాను. నాన్న తన చోటుకి వెళ్ళాడు. తాత అరిచాడు. నేను మూతి ముడుచుకునే నొక్కాను. తెర మీద చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. దండలో పువ్వుకి ఒక్కటే పువ్వు. రేకులు విడివిడిగా. ముందు వరస, రెండో వరస, మూడో వరస, మిషను, దాని పక్కన నాన్న, నాన్న మీసం. మీసంలో తెల్ల వెంట్రుకలు వేరు, నల్లవి వేరు.

నేను అరిచిన అరుపుకి సైరన్ తాతే ఉలిక్కిపడ్డాడు. అందరూ కెమెరా చుట్టూ మూగారు, ఖిచిడీని అందరూ మర్చిపోయారు. "దేముడు సూసినాడు" అన్నాడు తాత, తన వల్లే అన్నట్టు. నాన్న జనాన్ని తప్పించుకుని వచ్చి, తెర మీద తన మొహం చాలాసేపు చూసుకున్నాడు. తరవాత స్టాండు మీద చెయ్యి వేసి, రెండో వరసలో ఇందాక నవ్విందెవరో వాళ్ళకి వినబడేలా, "ఊగిందెవులో తేలిపోనాది" అన్నాడు.

మర్నాడు ఇంట్లో క్యాలెండరుని గోడకి తగిలించి, అదే స్టాండు మీంచి మీట పైకి నెట్టీ కిందికి నెట్టీ తీసి చూశాను. పైకి ఉంటే అంకెలు కవలలు, కిందికి ఉంటే ముత్యాలు. అప్పుడు అర్థమైంది. వణుకు కోసం కాపలా కాసే యంత్రం అది. నాన్న స్టాండు మీద దానికి వణుకే దొరకలేదు. అలవాటు కొద్దీ తన మోటారు వణుకునే ఎవరి చెయ్యో అనుకుని సర్దబోయింది, ఆ సర్దుబాటు ఇంకో వణుకై, దాన్నీ సర్దబోయింది. తన గుండె చప్పుడు తనే విని, దొంగలు పడ్డారని లేచి కూర్చునే మనిషిలా. స్టాండు మీద పెట్టేటప్పుడు మీట కిందికి నెట్టాలని ఆ రకం లెన్సులు వాడేవాళ్ళు తరవాత చాలామంది చెప్పారు. మరి దాదాకి ఎందుకు తెలియలేదు? ఆయన స్టాండు కూడా కొంగ జాతిదే. ఆ లెన్సుకి ఆయన దగ్గర ఎప్పుడూ చేతి నిండా పనే. నేను సంగతి చెప్పగానే ఆయన తల గోక్కుని, "తేరా బాప్ ఇంత గట్టి స్టాండ్ చేస్తే లెన్స్ బేచారా, పాపం, ఏం చేస్తుంది!" అన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి నాన్నకి చెప్పాను. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా గోడ మీది నల్ల మచ్చల కథ మానేసి, జపాను నుంచి వచ్చిన లెన్సుకి తన స్టాండు మీద వణుకు దొరక్క పిచ్చెక్కిన కథ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పిన ప్రతిసారీ స్టాండు ఇంకాస్త బరువెక్కేది. నేను పక్కనే కూర్చుని, కెమెరా నాదే అయినా, ఏమీ ఎరగనట్టు తల ఊపేదాన్ని. ఒళ్ళంతా గర్వం.

ఆ ఫోటో పెద్దది చేయించి నాన్న రిటైరైన రోజు గోడకి తగిలించాం. (అత్త వచ్చి, అంచున నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కర్నీ పరీక్షగా చూసి, "వీళ్ళని మాత్రం బాగా తీసినావు" అని వెళ్ళిపోయింది.) అందులో ఒక్క లోపం ఉంది, అది పెద్దది చేశాకే బయటపడింది. అందరూ లెన్సులోకి చూస్తున్నారు. నాన్న ఒక్కడే చూడడం లేదు. చూపు కొంచెం పక్కకి ఉంది, పెదవుల చివర చిన్న నవ్వు. మొన్న ఆదివారం కూడా దాని కింద కూర్చుని టీ తాగుతుంటే ఈ మాటే వచ్చింది. "స్టాండు కేసే సూసినాను. బోల్టు వదులైనాదేమో అనీసి" అన్నాడు నాన్న, ఎప్పటిలాగే. అమ్మ ఫోటో వంక, ఆయన వంక చూసి, "బోల్టుని సూసి ఎవులైనా అలగ నవ్వుతారేటండి?" అంది.

స్టాండు ఇప్పుడు మా వంటింటి గుమ్మం పక్కన ఉంటుంది, దాని మీద అమ్మ మంచినీళ్ళ ఫిల్టరు పెట్టుకుంది. నాన్న లేచి వెళ్ళి, వంగి, ఒక కాలి కింద బోల్టు తిప్పి చూసి, వదులు కాలేదని తల పంకించి వచ్చి కూర్చున్నాడు. ఇప్పటి నా కెమెరా తను స్టాండు మీద ఉన్నదీ లేనిదీ తనే కనిపెట్టుకుంటుందట. అయినా నా బొటనవేలు మీట కోసం లెన్సు పక్కన తడుముతూనే ఉంటుంది. ఆ ఫోటోలో షాపు షాపంతా ఉంది, నా పక్కన అరిచిన తాత సంగతి వదిలేస్తే లేనిదాన్ని నేనొక్కదాన్నే. కాని నాన్న చూపు పోయే దారినే వేలు పెట్టి గీసుకుంటూ పోతే, చట్రం దాటిన తరవాత, తడి నేల మీద ఉత్తికాళ్ళతో, మూతి ముడుచుకుని, అన్నీ తనకే తెలుసని నిలబడ్డ ఒక పిల్ల తగులుతుంది. ఎంత పొగరో దానికి! దాని మీద నాకు ఇప్పటికీ కోపం రాదు.